ధూమపాన ప్రదేశానికి దారి

ఆగస్టు 4, సోమవారం

రోజూ డైరీ రాస్తే మాటలో తడబాటు పోతుందని హైదరాబాద్ ట్రైనింగులో మేడమ్ చెప్పింది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది, ఇవాళ మొదలుపెడుతున్నాను. ఈ డైరీ మా ఎయిర్‌పోర్టు ప్రారంభోత్సవం రోజు పంచారు. అట్ట మీద విమానం బొమ్మ ఉంది. మా దగ్గర దిగే విమానాలు అంత పెద్దవి కావు గానీ బొమ్మ బాగుంది.

రాయలసీమలోకెల్లా మాదే పెద్దదని టెర్మినల్ మేనేజరు మునీంద్ర సార్ అంటారు. రోజుకు రెండు విమానాలు వస్తాయి. ఆదివారం అవీ రావు. ఆ రెండూ వెళ్ళిపోయాక హాల్లో ఎవరైనా దగ్గితే ఆ దగ్గు నాలుగు గోడలూ తిరిగి వస్తుంది.

నాది హెల్ప్ డెస్క్. పేరు హులిగెమ్మ అయినా, గుండెల మీద పట్టీలో ఇంగ్లీషులో చివరి సగమే ఉంటుంది, అది 'జెమ్మ' అని చదువుతారు. పూర్తి పేరు ప్రయాణికులకు నోరు తిరగదని సార్ మొదటి రోజే కత్తిరించారు. ఇంట్లో చెప్పలేదు. అది హులిగెమ్మ దేవతకు మొక్కుకుని పెట్టిన పేరు. అమ్మకు తెలిస్తే మిగతా సగం ఏమైందని ఎయిర్‌పోర్టుకు వచ్చి అడుగుతుంది.

ఇవాళ ఎక్కువమంది అడిగింది బాత్‌రూమ్ ఎక్కడని. ఆ తర్వాత సిగరెట్ తాగే చోటు ఎక్కడని. మొదటిది నా వెనకే ఉంది. రెండోదానికి "బాణం గుర్తులు చూసుకుంటూ వెళ్ళండి సార్" అని చెబుతున్నాను. 'తెలియదు' అనే మాట హెల్ప్ డెస్క్ నోట రాకూడదని ట్రైనింగులో నేర్పారు.

ఆగస్టు 5

బాణం గుర్తులు చూసుకుంటూ నేనే ఒకసారి వెళ్ళి చూడాలి.

ఆగస్టు 6

వెళ్ళాను. 'ధూమపాన ప్రదేశం' అని రాసిన మొదటి బాణం లిఫ్టు వైపు ఉంది. పై అంతస్తులో ఇంకో బాణం డాబా తలుపు చూపిస్తుంది. తలుపుకు తాళం వేసి, దాని మీద ఒక కాగితం అంటించారు. 'ధూమపాన ప్రదేశం కిందికి మార్చబడినది.' కిందికి దిగితే అద్దాల గోడ దగ్గర మూడో బాణం ఉంది. అది నా డెస్క్ వైపు చూపిస్తోంది.

పైవి ఒక కాంట్రాక్టరు పెట్టాడట, కిందివి ఇంకొకరు. ఇద్దరూ తమ బాణాలు సరిగ్గానే పెట్టారు. ఎవరినీ తప్పు పట్టలేం.

ఆగస్టు 8, శుక్రవారం

ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన విమానం ఆలస్యమైందని సిగరెట్ కోసం బయల్దేరాడు. పైకెళ్ళి, దిగి, చుట్టూ తిరిగి నా ముందుకే వచ్చి నిలబడ్డాడు.

"ఏమమ్మా, బాణాలన్నీ నీ కాడికే తెస్తాండాయి. ఈడ తాగేదా?"

"కాదు సార్, ఇది హెల్ప్ డెస్క్."

"మరి హెల్ప్ చెయ్."

బాణాల మీద ఫిర్యాదు రాసివ్వమన్నాను.

"ఫిర్యాదొద్దు, ఏమొద్దు. మానుకో మానుకో అని మా ఇంట్లో ముప్పై ఏండ్లుగా పోరు పెడతాండాది. మీ బాణాలు ఇంగో రెండు తూర్లు తిప్పినాయంటే మానుకునేటట్టుండా."

నవ్వుతున్నాడో కోప్పడుతున్నాడో తెలియలేదు. ట్రైనింగులో చెప్పినట్టు నేను నవ్వాను.

ఆగస్టు 10, ఆదివారం

సెలవు. కాలనీలోనే ఉన్నాను. అన్నం తింటూ నాన్న మళ్ళీ ఎత్తుకున్నాడు.

"పాపా, పెద్దల అమావాస్య ఎన్నో తేదీ వస్తాదో నీ ఫోన్లో సూసి చెప్పు."

ఆయనకు తెలుసు. నాకు తెలుసునని కూడా తెలుసు. "సెప్టెంబరు ఇరవై ఒకటి" అన్నాను.

"మూడో ఏడు" అన్నాడు. ఆ తర్వాత ముద్ద ముట్టలేదు.

ఇది ఉద్యోగం డైరీ, తాత సంగతి రాయకూడదనుకున్నాను. ఒక్కసారి రాసేసి వదిలేస్తాను.

సుంకప్ప తాతను మా చేన్లోనే పూడ్చాం. పెద్దల అమావాస్య నాడు మా ఇళ్ళలో, పోయినవాళ్ళకు బతికినప్పుడు ఇష్టమైనది పెడతారు. తాతకు బీడీ ఇష్టం. నాన్న బీడీ ముట్టించి, ఒక్క పీల్పు పీల్చి, సమాధి తలదిక్కున పెట్టేవాడు. అది చివర కట్టిన దారం దాకా కాలితే తాత తీసుకున్నట్టు. మధ్యలో ఆరిపోతే అలిగినట్టు. ఆరిపోయినదాన్ని మళ్ళీ ముట్టించకూడదు.

తర్వాత ఆ చేను ఎయిర్‌పోర్టులో పోయింది. కొలతలకు వచ్చినవాళ్ళ కాగితంలో చెట్లకు గడి ఉంది, బోరుకు గడి ఉంది, గొర్రెల దొడ్డికి కూడా ఉంది. తాతకు లేదు. అందుకని భూమిలో సమాధులేవీ లేవని పైకి రాసుకున్నారు. పోయిన ఏడు, అంతకుముందు ఏడు నాన్న ప్రహరీగోడ బయట నిలబడి బీడీ పెట్టాడు. రెండుసార్లూ సగంలోనే ఆరిపోయింది. ఆ తర్వాతే అమ్మ మోకాలు విరిగిందని, కాలనీ బోరు ఎండిందని, గొర్రెపిల్లలు చచ్చాయని నాన్న లెక్క. నేను డిగ్రీ చదివాను. బోరు ఎండింది వానల్లేక.

ప్రారంభోత్సవానికి చప్పట్లు కొట్టడానికి, భూములు పోయిన మా కాలనీ వాళ్ళందరినీ బస్సుల్లో తెచ్చారు. అందరూ ఎస్కలేటర్ దగ్గర ఫోటోలు దిగుతుంటే నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని ఒక స్తంభం పక్కన నిలబడిపోయాడు. కిటికీలోంచి జంటగుండ్ల కొండ కనపడుతోంది. రెండు గుండ్ల సందు చూసి తాత చోటు పోల్చుకున్నాడు. "ఈడే పాపా" అన్నాడు. సెక్యూరిటీ వాళ్ళు తప్పిపోయిన మనిషనుకుని బస్సు ఎక్కించారు.

ఇవాళ అన్నం దగ్గర అమ్మ నాన్నతో అంది, "బతికినన్నాళ్ళూ నిప్పు తెమ్మని నన్నే లేపినాడు మీ నాయన. సచ్చి ఇన్నేండ్లయినా అదే అడగడమా?"

"నీ చేతి నిప్పు బాగుంటాదని అడిగేటోడులే" అన్నాడు నాన్న.

తాత సంగతి ఇంతటితో సరి.

ఆగస్టు 13, బుధవారం

ఢిల్లీ నుంచి ఒక పెద్ద సార్ తనిఖీకి వచ్చారు. అన్నీ బాగున్నాయన్నారు. తర్వాత ఒక్కరే బాణాల వెంట వెళ్ళారు. ఆ సంగతి మాకు తెలియదు. కాసేపటికి పసిపిల్లలకు పాలిచ్చే గదిలో అలారం మోగింది. పైకప్పులోంచి నీళ్ళు పడ్డాయి. సార్ తడిసిన సిగరెట్‌తో బయటికొచ్చి, "ఇంత పెద్ద ఎయిర్‌పోర్టులో..." అన్నారు. ఆపైన ఏమీ అనలేదు. అనకుండానే ఆయన విమానం వెళ్ళిపోయింది.

మునీంద్ర సార్‌ది కడప. ఇంగ్లీషులో ఉన్నంతసేపు ఆయన ప్రశాంతంగా ఉంటారు. ఇవాళ కడపలోకి దిగారు.

"యాడ పెట్టినార్రా సామీ ఆ గది? ఇన్ని బాణాలు పెట్టి గది పెట్టకపోతే ఎట్ల? పాలిచ్చే గదిలో తడిపి పంపిచ్చినాం కదా పెద్దాయన్ని!"

ఎవరిని ఎక్కువమంది అడుగుతారో వాళ్ళకే బాధ్యత అన్నారు సార్. నన్ను ధూమపాన ప్రదేశం కో-ఆర్డినేటర్‌గా వేశారు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు ఇలాంటిది దొరకడం మంచిదట. భూమి ఇచ్చిన ఇంటికి ఒక ఉద్యోగం అన్న లెక్కలో నాకిది వచ్చింది. పర్మనెంటు కావాలంటే సార్ నివేదికే ఆధారం.

ఆగస్టు 14

కో-ఆర్డినేటర్ అంటే ఏమిటో ఇంట్లో చెప్పాను. "అంటే ఆ బీడీ తాగే సోటు యాడుండాలో నువ్వే సూపిస్తావా?" అన్నాడు నాన్న. అది పూర్తిగా సాంకేతిక విషయమని చెప్పాను.

ఆగస్టు 18, సోమవారం

మీటింగ్. ధూమపాన ప్రదేశం తప్పకుండా ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. కాఫీ షాపు వాళ్ళు కాఫీ వాసన పోతుందన్నారు. వీఐపీ లాంజ్ వాళ్ళు వీఐపీలకు పడదన్నారు. ఢిల్లీ సార్ కూడా వీఐపీయే కదా అంటే, ఆయన తాగేటప్పుడు వీఐపీ కారన్నారు. ప్రార్థన గది పక్కన పెడితే ఏ మతంవాళ్ళు ముందు గొడవ చేస్తారో తేలక అదీ వదిలేశారు. చివరికి గాలి ఎటు పోతుందో శాస్త్రీయంగా తేల్చమని నాకు అప్పగించారు. పరికరాలేవీ లేవు.

ఆగస్టు 21, గురువారం

గాలి పరీక్ష చేశాను. ఊదుబత్తి వెలిగించి హాలంతా నడిస్తే పొగ ఎటు వంగుతుందో తెలుస్తుంది. లోపల నిప్పు నిషేధం కాబట్టి అగ్గిపుల్లకు అనుమతి పత్రం కావాల్సి వచ్చింది. రెండు శాఖల సంతకాలతో ఒక్క పుల్లకు మంజూరు చేశారు. రెండో పుల్ల అడగకుండా, ఒక బత్తి అయిపోతుండగా దానితోనే ఇంకోటి వెలిగించుకున్నాను.

యూనిఫామ్ వేసుకుని, ఊదుబత్తి పట్టుకుని, మెల్లగా స్తంభం నుంచి స్తంభానికి నడుస్తుంటే ప్రయాణికులు లేచి నిలబడ్డారు. ఒక పెద్దావిడ పొగను రెండు చేతులతో తీసుకుని కళ్ళకు అద్దుకుంది. "దినామూ ఈ టయానికేనా పాపా పూజ?" అని అడిగింది. ఇది వాయు పరీక్ష అని చెప్పాను. "వాయుదేవుడికా, మంచిదేలే. విమానం కదా" అంది. ఆమె వెనక ఇంకో నలుగురు వరుస కట్టారు.

తొమ్మిదో స్తంభం దగ్గర పొగ కాఫీ షాపు వైపు వంగింది. పదమూడు దగ్గర నేరుగా వీఐపీ లాంజ్‌లోకి పోయింది. మధ్యలో అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో కనుక్కుందామని ఇంటికి వీడియో కాల్ చేశాను. ఫోన్ నాన్న తీశాడు. కెమెరా అనుకోకుండా కిటికీ వైపు ఉంది.

"రోంత ఎడమకు జరుగు పాపా. ఇంగ రోంత. గుండ్ల సందులో ఆకాశం కనపడాల. ఆఁ... ఆడ నిలబడు."

నిలబడ్డాను. సరిగ్గా అక్కడ, పదిహేడో స్తంభం దగ్గర, పొగ ఎటూ వంగకుండా నిట్టనిలువుగా పైకి పోయింది. ఇది గాలి లెక్క. నేనేమీ చేయలేదు.

అమ్మ మోకాలి సంగతి అడగడం మరిచిపోయాను.

ఆగస్టు 22

సార్ నివేదిక చదివారు.

"పదిహేడే ఎందుకు?"

"గాలి సార్."

"ఊదుబత్తితో తేల్చినావా?"

"అవును సార్."

"ఊదుబత్తి అని ఢిల్లీకి రాస్తే నవ్వుతారు మ్మా" అని ఆయనే దిద్దారు. 'స్థానికంగా లభించే సాధనాలతో వాయుప్రవాహ అధ్యయనం.' సాయంత్రానికి ఆమోదం వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఇంత త్వరగా ఏదీ ఆమోదం పొందలేదట.

ఆగస్టు 24, ఆదివారం

నాన్నకు చెప్పాను. "గాలి అట్లొచ్చింది నాయినా" అన్నాను.

"గాలే" అన్నాడు. ఇంకో ముద్ద పెట్టించుకుని తిన్నాడు.

సెప్టెంబరు 3, బుధవారం

అద్దాల గది తయారైంది. పదిహేడో స్తంభం గది లోపల ఒక మూలకు వచ్చింది. పైన పొగను లాగే ఫ్యాను, గోడకు ఆనుకుని బల్లలు. గదిలో పాటించాల్సిన నియమాలు నేనే రాసి అంటించాను. వాటిలో నాకు నచ్చింది మూడోది. 'సిగరెట్టును నేలపై గానీ, గోడపై గానీ, పాదరక్షతో గానీ ఆర్పరాదు. బూడిద పాత్రలో మాత్రమే ఆర్పవలెను.' సార్ సంతకం పెట్టి ముద్ర వేశారు. బూడిద పాత్రల టెండర్ ఇంకా తెరవలేదు.

పాత బాణాలు తీసే కాంట్రాక్టరు వేరు. ఆయన టెండర్ కూడా తెరవలేదు.

సెప్టెంబరు 5

ఇవాళ ఐదుగురు ప్రయాణికులను నేనే స్వయంగా గది దాకా తీసుకెళ్ళాను. ఐదుగురూ సిగరెట్లు నోట్లో పెట్టుకున్నారు. జేబులు తడుముకున్నారు. అగ్గిపెట్టెలూ లైటర్లూ సెక్యూరిటీ జయరాజ్ దగ్గరే తీసేసుకుంటాడు, ఆ సంగతి మేమెవరం ఆలోచించలేదు. విమానం పిలిచేదాకా ఐదుగురూ ముట్టించని సిగరెట్లు నోట్లో పెట్టుకుని అద్దాల వెనక నిలబడ్డారు. బయట పిల్లలు నిలబడి వాళ్ళను చూశారు.

గోడకు బిగించే కరెంటు లైటర్ తెప్పించమని నోట్ పెట్టాను.

సెప్టెంబరు 9, మంగళవారం

నాన్నకు సందర్శకుల పాస్ అడిగాను. వచ్చే పని ఏమిటని రాయాలి. అబద్ధం రాయడం ఇష్టం లేక 'ధూమపానం' అని రాశాను. ప్రయాణికులు కానివారికి ధూమపాన ప్రదేశం వర్తించదని తిరగ్గొట్టారు.

"అయితే ప్రయాణికుణ్ణే అవుతా. యాడికో ఒక యాడికి టికెట్ కొను" అన్నాడు నాన్న.

"బస్సెక్కితే కక్కే మనిషివి, విమానం ఎక్కుతావా?" అంది అమ్మ.

"ఎక్కేదెవరు? లోపలికి పోయి, బీడీ పెట్టి, ఎనక్కి వస్తా."

అమావాస్య రోజు ఆదివారమని, విమానాలే లేవని గుర్తు చేశాను. ప్రయాణికుడు కావడానికి కూడా వీలు లేదు. నాన్న చాలాసేపు కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. మా కాలనీ నుంచి జంటగుండ్లు వెనక వైపు నుంచి కనపడతాయి. అటు నుంచి సందు కనపడదు.

"లోపలికి పొయ్యేటోళ్ళు మనింట్లో ఒకరే ఉండారు" అన్నాడు చివరికి.

నేను ఉద్యోగంలో ఉన్నానని, సిబ్బంది ఆ గది వాడకూడదని ఐదో నియమం ఉందని, అది నేనే రాశానని చెప్పాను.

"రాసిందానివి నువ్వే కదా" అన్నాడు.

సెప్టెంబరు 10

నేను చేయను.

సెప్టెంబరు 11

చేయను. చదువుకున్నదాన్ని.

సెప్టెంబరు 16, మంగళవారం

గోడ లైటర్ వచ్చింది. గుండ్రటి గుంత, లోపల తీగ. మీట నొక్కితే తీగ ఎర్రగా అవుతుంది. సిగరెట్ కొస దానికి ఆనించి బయటి నుంచి పీల్చాలి. పీల్చకపోతే అంటుకోదు. నోటితో పీల్చకుండా ముట్టించే వీలు ఏమైనా ఉందా అని బిగించడానికి వచ్చినవాణ్ణి అడిగాను. "పీల్చడానికే కదా మేడమ్ ఎవరైనా ముట్టించేది?" అన్నాడు.

ఊరికే తెలుసుకుందామని అడిగాను.

సెప్టెంబరు 18

ఆదివారం డ్యూటీకి మార్పించుకున్నాను. ఆదివారాల్లో డెస్క్ ఖాళీగా ఉంటే బాగుండదని.

సెప్టెంబరు 20, శనివారం

నాన్న బీడీకట్ట తెచ్చి, అందులోంచి ఒకటి ఏరి, చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూశాడు. దారం ఊడిపోకుండా ఉందా అని రెండుసార్లు చూశాడు.

"ఒక్క పీల్పే. పొగ మింగొద్దు. తలదిక్కు కొండ పక్క. కొస పైకి పెట్టాల. ఎవరన్నా మాట్లాడిచ్చినా దాని మీద నుంచి సూపు తియ్యొద్దు. ఆరిపోతే మటుకు..."

"మళ్ళా ముట్టియ్యొద్దు. తెలుసు నాయినా."

"తెలిసినదానివే" అన్నాడు. తలమీద చెయ్యి పెట్టబోయి, యూనిఫామ్ చూసి, తీసేసుకున్నాడు.

సెప్టెంబరు 21, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సిబ్బంది గేటు దగ్గర జయరాజ్ నా టిఫిన్ డబ్బా తెరిచాడు. అమ్మ పెద్దలకు చేసిన వడలు, వాటి పక్కన కాగితంలో చుట్టిన బీడీ.

"ఇదేంది హులిగెమ్మా?" ఇక్కడ పూర్తి పేరుతో పిలిచేది ఆయనొక్కడే.

"తాతకు."

"తాత యాడుండాడు?"

"లోపల."

ఆయన నా వైపు, క్యాలెండర్ వైపు చూశాడు. డబ్బా మూత పెట్టాడు. "మేమూ మా పెద్దోళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు పెడతాంలే. బీడీ తెచ్చుకోను అడ్డం లేదు. నిప్పుకే అడ్డం" అని ఒక వడ తీసుకుని పంపించాడు.

హాల్లో ఎవరూ లేరు. గదిలోకి వెళ్ళి, చెప్పులు విప్పి, పదిహేడో స్తంభం మొదట్లో వడలు పెట్టాను. మీట నొక్కాను. తీగ ఎర్రబడింది. బీడీ ఆనించి ఒక్క పీల్పు పీల్చాను. పొగ మింగకూడదన్నాడు నాన్న, మింగాను. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి, దగ్గు ఆగలేదు. అలాగే మోకాళ్ళ మీద కూర్చుని, కొస కొండ వైపు పైకెత్తి, స్తంభానికి ఆనించి పెట్టాను. కొస ఎర్రగా ఉంది. "తాతా, నేను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

తలుపు తెరుచుకుంది. మునీంద్ర సార్. నోట్లో ముట్టించని సిగరెట్.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను వెంటనే బీడీ వైపు చూపు తిప్పుకున్నాను.

"ఏమ్మా జెమ్మా... నువ్వు తాగుతావా?"

నిజం చెప్పవచ్చు. చెబితే అది పైకి వెళ్తుంది. భూమిలో సమాధులు లేవన్న కాగితం తప్పని తేలుతుంది. తవ్వుతారో, మూసేస్తారో, టెండర్ పిలుస్తారో. ఇక్కడి నుంచి పైకి వెళ్ళినదేదీ మళ్ళీ కిందికి వచ్చింది లేదు.

"అవును సార్. అలవాటు."

"బీడీనా?" ఆయన ముఖం చూస్తే, తాగుతానన్నదానికంటే బీడీ అన్నదానికే ఎక్కువ బాధపడినట్టు అనిపించింది. "మన యూనిఫామ్ మీద బీడీ ఏంది మ్మా. మరి దాన్ని నేల మీద పెట్టినావేం?"

"మీరొచ్చారని సార్. మర్యాదకు."

"ఆ వడలు?"

"టిఫిన్ సార్."

"సరే. ముందు దాన్ని ఆర్పు."

బీడీ సగం కూడా కాలలేదు. పోయిన ఏడు ఇంత దాకా వచ్చే ఆరింది.

"ఆర్పకూడదు సార్."

"ఏమి?"

"మూడో నియమం సార్. నేలపై గానీ, గోడపై గానీ, పాదరక్షతో గానీ ఆర్పరాదు. బూడిద పాత్రలో మాత్రమే. పాత్రల టెండర్ ఇంకా తెరవలేదు."

ఆయన గోడ మీది కాగితం దగ్గరికి వెళ్ళి చదివారు. కింద తన సంతకమూ ముద్రా చూసుకున్నారు.

"అయితే ఏం చెయ్యాల?"

"మొత్తం కాలేదాకా ఆగాలి సార్."

"శానాసేపు పడతాదా?"

"మనిషిని బట్టి సార్."

ఆయన తలుపు దగ్గరగా వేశారు. తర్వాత, లైటర్ పనిచేస్తుందో లేదో తనిఖీకి వచ్చానని చెప్పి, మీట నొక్కి తన సిగరెట్ ముట్టించుకున్నారు. నాలాగా దగ్గలేదు. ఆ తనిఖీ సిగరెట్ పూర్తయ్యేదాకా సాగింది. ఆయనకూ ఆర్పే వీలు లేదు. ఇద్దరం తలలు వంచుకుని, చేతులు కట్టుకుని, మాట్లాడకుండా స్తంభం వైపు చూస్తూ నిలబడ్డాం. ఎవరైనా చూస్తే ఇద్దరం ఒకే ఇంటివాళ్ళం అనుకుంటారు.

"మా నాయన గూడ తాగేటోడు" అన్నారు సార్ ఉన్నట్టుండి. "సిగరెట్ గాదు. ఇదే."

నేను చూపు తిప్పలేదు. మధ్యలో ఒకసారి కొస నల్లబడింది. పైన ఫ్యాను లాగింది, మళ్ళీ ఎర్రబడింది. అక్కడ గాలి నిట్టనిలువుగా పోతుందని నేను నివేదికలో రాసింది నిజమే.

దారం దాకా కాలింది. దారం కూడా కాలింది.

"కెమెరాలో పడింటాది కదా" అన్నారు సార్ వెళ్ళిపోతూ. "మెమో ఇయ్యక తప్పదు మ్మా. ఏమనుకోకు."

సాయంత్రం నాన్నకు చెప్పాను. "దారం దాకానా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ చెప్పాను. నోరు ఇంకా చేదుగానే ఉంది.

సెప్టెంబరు 23, మంగళవారం

మెమో వచ్చింది. ఐదో నియమం ఉల్లంఘన. ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. శనివారాలు అలవాటు మాన్పించే కౌన్సెలింగుకు వెళ్ళాలి. సిబ్బందికి వేరే ధూమపాన ప్రదేశం వెతకాలని కూడా నిర్ణయించారు. దానికి కూడా కో-ఆర్డినేటర్ నేనే. అనుభవం ఉందని.

ఉద్యోగం పోలేదు.

సెప్టెంబరు 25

కాలనీలో తెలిసిపోయింది. కుళాయి దగ్గర ఎవరో అమ్మతో అన్నారట, మీ హులిగెమ్మ ఎయిర్‌పోర్టులో బీడీలు తాగుతాదంట గదా అని. అమ్మ బిందె నింపుకోకుండానే వచ్చేసింది.

"రేపు ఎవరన్నా పిల్లను సూసేదానికొస్తే ఏమని చెప్పేది?"

"తాగింది మా నాయనని చెప్పు" అన్నాడు నాన్న.

"ఆయన సచ్చి ఎన్నేండ్లాయె? నమ్ముతారా?"

"నమ్మినోళ్ళకే ఇద్దాం."

అమ్మకు నవ్వొచ్చింది. నవ్వినందుకు కోపమొచ్చి ఇంకాస్త తిట్టింది.

సెప్టెంబరు 27, శనివారం

కౌన్సెలింగు సార్ కర్నూలు నుంచి వచ్చారు. మంచాయన. తిట్టరు, సిగ్గుపడకుండా మాట్లాడమన్నారు. ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకున్నారు.

"ఈ అలవాటు ఎవరి వల్ల మొదలైంది?"

"మా తాత వల్ల సార్."

"ఆయన ఇంకా తాగుతున్నారా?"

"ఏడాదికొకటి సార్. మధ్యలో రెండేళ్ళు అదీ లేదు."

ఆయన కలం ఆపారు. "ఏడాదికి ఒక్కటా? ఎంత నిగ్రహం. అంతగా ఎలా తగ్గించారు?"

"ఎయిర్‌పోర్టు వచ్చాక తగ్గింది సార్."

"ఆయన కూడా ఇక్కడేనా?"

"ఇక్కడే సార్."

"ఏ డిపార్ట్‌మెంట్?"

హెల్ప్ డెస్క్ 'తెలియదు' అనకూడదు కదా.

"పదిహేడో స్తంభం దగ్గర సార్. పర్మనెంటు."

రాసుకున్నారు. ఒక ఇంట్లో ఇద్దరికి అలవాటుంటే ఇద్దరినీ కలిపి మాన్పించడం తేలికట. "వచ్చే శనివారం ఆయన్ని కూడా తీసుకురా అమ్మా" అన్నారు.

"ఆయన అక్కడి నుంచి కదలరు సార్" అన్నాను. "మీరే రండి. బాణాలు చూసుకుంటూ మాత్రం రావద్దు, నేను దారి చూపిస్తాను."